మోకాలి కింద దిండు

క్లినిక్, భోజన విరామం

వదినా,

నిన్న ఫోన్ చేసి "వదినా, కాలెలా ఉంది?" అని అడిగితే "వాపు కొంచెం తగ్గిందమ్మా" అన్నది అన్నయ్య గొంతు. "నొప్పి ఉందా?" అంటే "మొన్నటికంటే నయం" అన్నదీ అన్నయ్యే. "ఫోన్ వదినకివ్వు" అంటే "ఇక్కడే ఉందిగా, నవ్వుతోంది" అన్నాడు. ఇంతకీ ఆపరేషన్ ఎవరికి జరిగినట్టు? అందుకని ఫోన్లు కట్టిపెట్టాను. ఉత్తరాలు రాసుకుందాం. కవరు నువ్వే చింపు, జవాబు నువ్వే రాయి. పోస్టు మాత్రం అన్నయ్య చేతే చేయించు. పాపం, ఏదో ఒక పని ఉండాలిగా.

ఆడపడుచు అర్ధమొగుడని సామెత. నీ అసలు మొగుడు నిన్ను అరచేతిలో పెట్టుకుని చూస్తున్నాడు కాబట్టి తిట్టే సగం నేను తీసుకుంటున్నాను. బంతులు తన్ని, బరువులెత్తి, పరుగెత్తి పడి వచ్చేవాళ్ల కాళ్లూ చేతులూ దారికి తేవడమే రోజంతా నా పని. అలాంటిది సొంత వదిన కాలు వదిలేస్తానా?

ఇక విషయానికొస్తాను. నీ మోకాల్లో తెగిన లిగమెంటు స్థానంలో సర్జన్ కొత్తది కట్టాడు. ఆయన పని అయిపోయింది, ఇక పని నీది. అందరూ మోకాలు వంగుతుందా లేదా అని దిగులు పడతారు. నా దిగులు వేరు. మోకాలు పూర్తిగా చాపగలగాలి. వంగడం నెమ్మదిగా వస్తుంది. చాపడం మాత్రం ఈ మొదటి వారాల్లోనే రావాలి. లేకపోతే లోపల గాయం మానేచోట మచ్చలా పెరిగే కండ గట్టిపడి కాలు కొంచెం వంగినట్టే ఉండిపోతుంది. అప్పుడు నడకే కుంటుతుంది, బ్యాడ్మింటన్ మాట దేవుడెరుగు.

తువ్వాలు చుట్టి మడమ కింద పెట్టు. మోకాలి వెనక ఖాళీగా ఉండాలి. తొడ బిగించి మోకాలిని పరుపు వైపు నొక్కు. నొప్పి పుడుతుంది. పుట్టనీ. ఏదీ దాచకుండా రాయి.

తిట్టడానికి సిద్ధంగా,
నీ బుల్లి


పడకగది, కిటికీ పక్క మంచం

బుల్లీ,

నీ ఉత్తరం చదివి ఎంత నవ్వానో. మీ అన్నయ్య తలుపు దగ్గరే నిలబడి "ఏమంటోంది? ఏమంటోంది?" అని ప్రాణం తీశారు. "మిమ్మల్ని పొగుడుతోంది" అని చెప్పాను.

ఇంట్లో ఏం జరుగుతోందో తెలిస్తే నువ్వూ నవ్వుతావు. ఆయన దుకాణంలో పటాలు కట్టేటప్పుడు అద్దాల మూలలకు అట్టముక్కలు తొడుగుతారు కదా. ఆ మూలలన్నీ ఇంటికి తెచ్చి మంచానికి, బల్లకు, తలుపులకు తొడిగేశారు. ఇప్పుడు మన ఇల్లు లారీ ఎక్కడానికి సిద్ధంగా ఉన్న సామానులా ఉంది. దుకాణంలో తను కూర్చునే చక్రాల కుర్చీ కూడా ఇంటికొచ్చింది. అందులో కూర్చోబెట్టి గది నుంచి గదికి తోసుకుపోతారు. కాలు కింద పెట్టనివ్వని మొగుడు దొరకాలని మా అమ్మ దీవించేది. ఇంత నిజమవుతుందని ఆవిడా అనుకుని ఉండదు.

రాకెట్లు రెండూ సంచీలో పెట్టి అటక మీద పెట్టేశారు. నేనడగలేదు, ఆయనా చెప్పలేదు. ఆ రోజు జరిగిందే మళ్లీ మళ్లీ తలుచుకుంటున్నారు. షటిల్ మా ఇద్దరి మధ్యకు వచ్చింది. ఆయన "నీది!" అని అరిచారు. నేను ముందుకు దూకాను. మళ్లీ ఏమనుకున్నారో తనే వచ్చారు. ఆయన్ని తప్పించబోయి కాలు మీద తిరిగాను. టప్పుమని వినబడింది. ఆ చప్పుడు ఆయనకీ వినబడిందట. డబుల్స్ అన్నాక ఇలాంటివి మామూలే అని ఎంత చెప్పినా చెవికెక్కదు.

కాలు బాగానే ఉంది. వ్యాయామాలు చేస్తున్నాను. మోకాలు చాపుతున్నాను, దాదాపుగా.

ప్రేమతో,
వదిన


క్లినిక్, తలుపు వేసుకుని

వదినా,

అట్టమూలల సంగతి చదివి నేనూ నవ్వాను. చివరి మాట చదివి నవ్వు ఆపాను. దాదాపుగా అంటే ఏమిటి? స్కూల్లో పిల్లలు "పటంలో నదులు దాదాపుగా గుర్తించాం టీచర్" అంటే మార్కులు వేస్తావా?

ఇప్పుడే ఒక పని చెయ్యి. మంచం మీద వెల్లకిలా పడుకుని రెండు కాళ్లూ చాపు. బాగున్న మోకాలి కింద అరచెయ్యి దూర్చి చూడు. తర్వాత ఆపరేషన్ చేసిన మోకాలి కింద దూర్చు. దేని కింద ఎంత ఖాళీ ఉందో రాయి. అన్నయ్యను కొలవమనకు. నీకు బాధ కలుగుతుందంటే మీ ఆయన అద్దాన్ని కూడా అబద్ధమాడమంటాడు.

నా దగ్గరకొచ్చే ఫుట్‌బాల్ గోల్‌కీపర్ ఒకతను "నొప్పేమీ లేదు మేడమ్" అంటూ పళ్లు బిగించి చెమటలు కక్కుతుంటాడు. నొప్పి దాచేవాళ్లను చూసీ చూసీ నా తల పండింది. నువ్వు దాస్తున్నది నొప్పి కాదు, ఇంకేదో. ఏమిటది?

బుల్లి


పడకగది

బుల్లీ,

బాగున్న కాలి కింద వేళ్లు కూడా దూరలేదు. రెండో దాని కింద అరచెయ్యి దూరింది. పిడికిలి కూడా దూరింది.

దాచిందేమిటో చెబుతాను. తర్వాత నీ ఇష్టమొచ్చినట్టు తిట్టు. మోకాలి కింద దిండు పెట్టుకుంటున్నాను. పగలూ, పడుకునేటప్పుడూ కూడా. మామూలు దిండు కాదు, మీ అన్నయ్య చేత్తో కుట్టింది. పటాల వెనక వేసే నీలం మఖ్మల్ గుడ్డ, లోపల దూది, అంచుకు సన్నని కుట్టు. మోకాలి ఒంపుకు సరిగ్గా అమరేట్టు కొలిచి మరీ కుట్టారు. అది కింద పెట్టగానే నొప్పి పోతుంది. నా ముఖం తేలికపడడం చూసి ఆయన ముఖమూ తేలికపడుతుంది. అప్పుడు గానీ ఆయనకు కునుకు పట్టదు. ఆపరేషన్ నాటి నుంచీ ఆ మనిషి సరిగ్గా నిద్రపోలేదు.

నువ్వు చెప్పినట్టు తువ్వాలు మడమ కింద పెట్టి నొక్కాను, పెట్టలేదనుకోకు. నేను మూలిగానంటే చాలు, బాల్కనీలోకి వెళ్లి ఊచలు పట్టుకుని వీధి చూస్తూ నిలబడతారు. ఒకరోజు వంటింట్లో కుళాయి ఎంతకీ కట్టేయకపోతే కర్రల సాయంతో వెళ్లి చూశాను. నీళ్లు అలా పోతూనే ఉన్నాయి, ఆయన గోడకు ఆనుకుని ఏడుస్తున్నారు. ఆ రోజు నుంచి మానేశాను. నా కాలికంటే ఆ ముఖమే నాకు ముఖ్యమనిపించింది బుల్లీ.

మీ అన్నను మాత్రం ఏమీ అనకు. అనేదేదో నన్నే అను.

వదిన


ఇంటి నుంచి. ఈ ఉత్తరం నీకొక్కదానికే

వదినా,

చదవగానే కోపంతో రెండుసార్లు లేచి కూర్చున్నాను. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ చక్కగా కాలు పాడుచేసుకుంటున్నారు! మోకాలి కింద దిండు పెట్టొద్దని మేము గోడ మీద రాసిపెట్టుకుంటాం. దానివల్ల హాయిగా ఉంటుంది, నిజమే. ఆ హాయిలోనే మోకాలు వంగి అలాగే గట్టిపడుతుంది. ఇంకా ఆలస్యమైతే మళ్లీ మత్తుమందిచ్చి లోపల మచ్చ తీయాల్సి వస్తుంది. మళ్లీ కత్తి పడుతుంది. అది మీ ఆయన ఎలా చూస్తాడు? చెప్పు.

ఇప్పుడొక సంగతి చెబుతాను. ఇది నా నోటి నుంచి ఎవరూ వినలేదు.

నా ఎడమ మోచెయ్యి పూర్తిగా చాచుకోదని నీకు తెలుసు. చిన్నప్పుడు అన్నయ్య సైకిలు తొక్కుతుంటే వెనక కూర్చుని పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాననీ తెలుసు. తర్వాత జరిగింది తెలియదు. డాక్టరు పట్టీ విప్పి చెయ్యి కదిలించమన్నాడు. కదిలిస్తే నేను గుక్కపట్టి ఏడ్చేదాన్ని. అన్నయ్య తట్టుకోలేక "వద్దమ్మా, ఇంకొన్నాళ్లుంచుదాం" అని అమ్మను బతిమాలి మళ్లీ పట్టీ కట్టించేవాడు. చెయ్యి నా ఒళ్లో పెట్టుకోనిచ్చి, దాని కింద తన చొక్కా మడతపెట్టి, కథలు చెప్పేవాడు. నాకది ఎంత హాయిగా ఉండేదో! అలా ఉండి ఉండి మోచెయ్యి వంగింది వంగినట్టే ఉండిపోయింది.

అన్నయ్య ఏమనుకుంటాడో తెలుసా? పట్టీ తొందరపడి తీసేశారనీ, ఇంకొన్నాళ్లు ఉంచితే చెయ్యి బాగయ్యేదనీ. జాగ్రత్త చాలలేదనుకుంటాడు. ఆ బాకీ ఇప్పుడు నీ కాలికి రెట్టింపుగా తీరుస్తున్నాడు. అసలు కారణం కాలేజీలో పాఠం చదువుతుండగా నాకు తెలిసింది. ఆ రోజు పుస్తకం మూసి బయటికెళ్లి చాలాసేపు నడిచాను. చెప్పి ఏం సాధిస్తాను? నన్ను ప్రేమించినందుకే నా చెయ్యి వంకరయిందని ఆ మనిషికి ఏ నోటితో చెప్పను? నువ్వూ చెప్పకు.

దిండు పారెయ్యొద్దు, అంత కష్టపడి కుట్టాడు. అదే దిండు మడమ కిందికి జరుపు. అన్నయ్యను బాల్కనీకి వెళ్లనివ్వకు. పక్కన కూర్చోబెట్టి, మోకాటి చిప్పకు కాస్త పైన తన అరచెయ్యి ఆనించమను. నువ్వు తొడ బిగించినప్పుడు మెత్తగా కిందికి ఒత్తాలి. నువ్వు చాలనేదాకా చెయ్యి తీయకూడదు. అద్దం కోసే చెయ్యి అది, ఎంత ఒత్తాలో దానికి తెలుసు. ప్రేమకు ఏదో ఒక పని చెప్పాలి వదినా. చెప్పకపోతే దిండ్లు కుడుతూ కూర్చుంటుంది.

బుల్లి


పడకగది, మంచం మీద కాదు, కుర్చీలో

బుల్లీ,

దిండు జరిగింది. అంత తేలిగ్గా ఏం జరగలేదనుకో.

"నొప్పి ఉన్న చోట తీసేసి, నొప్పి లేని చోట పెట్టమంటుందేమిటి డాక్టరమ్మ?" అని మీ అన్నయ్య వాదనకు దిగారు. తను పట్టిన కుందేటికి మూడే కాళ్లు కదా. "నాకున్నవి రెండే, ఒకటి పోగొట్టకండి" అన్నాను. దాంతో వచ్చి పక్కన కూర్చున్నారు.

చెయ్యి ఆనించారు. ఎంత పెద్ద అద్దమైనా ఒక్క గీతలో కోసే చెయ్యి నా కాలిని ముట్టీ ముట్టనట్టు ఉంది. నేను బిగించాను, ఆయన ఒత్తారు, నేను కేక పెట్టాను. నిప్పు ముట్టుకున్నట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నారు. "తీయకండి" అన్నాను. మళ్లీ పెట్టారు. నా ముఖం చూస్తే చెయ్యలేనని గోడ వైపు తిరిగి ఒత్తారు. కొన్నాళ్లయ్యాక ఇటు తిరిగారు. ఇప్పుడు నేను అరిస్తే తనూ నాతో పాటు అరుస్తున్నారు. పక్కింటావిడ వచ్చి అంతా బాగానే ఉందా అని అడిగి వెళ్లింది.

బుల్లీ, నిన్న అరచెయ్యి దూర్చి చూశాను. దూరలేదు. వేళ్ల చివర్లు మాత్రం, అవీ కష్టంగా. ఆయనను పిలిచి చూడమన్నాను. వంగి చాలాసేపు చూశారు. తర్వాత దిండు సర్దుతూ, నాతో కాదు, తనలో తాను అన్నట్టు, "బుల్లి చేతికి పట్టీ చాలా కాలం ఉంచాం కదూ?" అన్నారు.

నేనేమీ అనలేదు, ఒట్టు. అప్పటికి నేనింకా మీ ఇంటికి రాలేదు, నాకేం తెలుస్తుంది అన్నట్టు కూర్చున్నాను. ఆయన దుకాణానికి వెళ్లిపోయారు. సాయంత్రం వచ్చాక అన్నం కూడా సగంలో వదిలేసి లేచారు. ఏం చెయ్యను?

వదిన


క్లినిక్

వదినా,

ఏమీ చెయ్యకు. అడిగితే నన్నడగమను.

మోకాలు చాచుకుందన్న మాట చదివి ఇక్కడ అందరికీ టీ తెప్పించాను. ఆ గోల్‌కీపర్ రెండు కప్పులు తాగాడు.

ఇక ముందున్నది పొడుగు దారి. కర్రలు వదిలాక ఒకేచోట కదలకుండా ఉండే వ్యాయామం సైకిలు తొక్కడం, తర్వాత మెట్లు, గోడకు ఆనుకుని గుంజీలు, ఒంటికాలి మీద నిలబడడం. మీ ఊళ్లోనే మంచి ఫిజియో ఉన్నాడు, వారం వారం వెళ్లు. ఒక్క మాట మరిచిపోకు. కొన్నాళ్లకు కాలు హాయిగా అనిపించి "ఇక నాకేం?" అనుకుంటావు. లోపల లిగమెంటు అప్పుడే బాగా బలహీనంగా ఉంటుంది. బస్సు కోసం కూడా పరుగెత్తకు. బస్సు పోతే ఇంకోటి వస్తుంది. ఆట దగ్గరికి రావాలంటే తొమ్మిది నెలలు. బిడ్డనే కనేయొచ్చు అంటావు కదూ? ఈ కాలినే బిడ్డనుకో.

బుల్లి


స్టాఫ్ రూమ్, పరీక్ష పేపర్ల కుప్ప పక్కన

బుల్లీ,

చాలాకాలమైంది రాసి. వారం వారం ఆ ఫిజియో చెప్పినవన్నీ చేస్తున్నాను. క్లాసులో పటం చూపిస్తూ ఒంటికాలి మీద నిలబడుతున్నాను. పిల్లలు మొదట నవ్వారు, ఇప్పుడు తోడుగా వాళ్లూ నిలబడుతున్నారు. హెడ్‌మిస్ట్రెస్ తలుపు దగ్గరకొచ్చి చూసి, కొంగల గుంపులోకి వచ్చానేమో అనుకుందట.

మొన్న ఫిజియో నా కాళ్లకు పరీక్ష పెట్టాడు. బాగున్న కాలితో గెంతించి కొలిచాడు, ఈ కాలితో గెంతించి కొలిచాడు. దాదాపు సమానం. ఈసారి దాదాపుగా అంటే నిజంగానే దాదాపుగా. ఆడొచ్చన్నాడు.

పరుగున ఇంటికొచ్చి (పరుగెత్తవచ్చుగా ఇప్పుడు!) మీ అన్నయ్యకు చెప్పాను. సంబరపడ్డారు. "నువ్వు వెళ్లి ఆడు, నేను బల్ల మీద కూర్చుని చూస్తాను" అన్నారు. తను రాకెట్ పట్టరట. అసలు ఆ బ్యాడ్మింటన్ హాల్లో రాకెట్ పట్టుకుని నా పక్కన నిలబడగలిగే ధైర్యం తనకిక లేదట. ఎంత బతిమాలినా అంతే.

బుల్లీ, నేను ఇన్నాళ్లూ ఆ నొప్పి పడింది బ్యాడ్మింటన్ కోసం కాదు. పగలంతా ఆయన దుకాణంలో, నేను బళ్లో. ఇంటికొస్తే వంట, పేపర్లు, నిద్ర. సాయంత్రం ఆ హాల్లో మాత్రం మేమిద్దరం ఒక వైపు. గెలిచినా ఓడినా ఇంటికి నడుస్తూ ఆటంతా మళ్లీ చెప్పుకునేవాళ్లం. నాకు ఆ నడక కావాలి. కాలొక్కటి బాగైతే ఏం లాభం?

వదిన


క్లినిక్, ఇద్దరు పేషెంట్ల మధ్య

వదినా,

నీ కాలు నయమైంది. ఇక పేషెంటు అన్నయ్య. అదే వైద్యం చెయ్యి. కొంచెం కొంచెంగా, నొప్పి తెలిసేంత, ఆపనివ్వకుండా.

పక్కన నిలబడలేనంటే ఎదురుగా నిలబడమను. వల అటువైపు. అక్కణ్ణుంచి నిన్ను ఢీకొట్టలేడుగా. ఊరికే షటిల్ అందించమను. రాకెట్ సంచీ అటక మీదే ఉంటుంది, నిచ్చెన నువ్వే వేసుకుని ఎక్కు. నువ్వు నిచ్చెనెక్కడం చూస్తే సగం భయం అక్కడే పోతుంది. లేదా మూర్ఛపోతాడు. ఏదైనా రాయి.

బుల్లి


ఇల్లు, కాళ్లు బకెట్లో పెట్టుకుని

బుల్లీ,

మూర్ఛపోలేదు. నిచ్చెన పట్టుకుని కింద నిలబడి తిట్టారు. మా పెళ్లయ్యాక అంత తిట్టడం అదే మొదలు. ఆ కోపంలోనే నాతో హాలుకు వచ్చేశారు.

ఎదురుగా నిలబడ్డారు. షటిల్ పంపారు, పంపడం కాదు, సరిగ్గా నా చేతిలో పెట్టారు. నేను అడుగు కదపక్కర్లేకుండా. మళ్లీ అలాగే. ఇంకోసారీ అంతే. పక్క కోర్టు వాళ్లు చూస్తున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. "నేను పెళ్లాన్నా, పటాన్నా? కొట్టు!" అని అరిచాను. నోరు జారింది బుల్లీ, ఇన్నేళ్లలో ఆయన్ని ఏకవచనంలో పిలిచింది లేదు. ఆయన నన్ను చూశారు. ఆ తర్వాత కొట్టారు. నిజంగా కొట్టారు, దూరంగా, మూలకు.

నేను ఆ కాలు ముందుకు వేసి దూకాను. అందింది. తిరిగి వల దాటింది. ఆయన తీయలేకపోయారు, తీయాలన్న ధ్యాసే లేదు, నా మోకాలి వైపు చూస్తూ నిలబడిపోయారు. నేను ఆ కాలి మీదే నిలబడి నవ్వుతున్నాను. వల కింద నుంచి దూరి నా వైపు వచ్చేశారు. "అవతల ఎవర్నైనా నిలబెట్టు, మనం ఇద్దరం ఇటు" అన్నారు.

ఓడిపోయాం. చిత్తుగా. షటిల్ మధ్యకొచ్చినప్పుడల్లా ఇద్దరం "నాది" అని అరిచి ఇద్దరం ఆగిపోయాం. ఇంటికి నడుస్తూ దారంతా ఎవరిది తప్పో వాదించుకున్నాం. ఎంత బాగుందో చెప్పలేను.

దీంతో పాటు మీ అన్నయ్య ఒక పార్సెల్ కూడా పంపుతున్నారు. ఏముందో నాకు చూపించలేదు. లోపల చీటీ కూడా ఉందట.

ప్రేమతో,
నీ వదిన


(పార్సెల్‌లోని చీటీ)

దుకాణం

బుల్లీ,

ఉత్తరాలు రాయడం నాకు చేతకాదు. ఈ దిండు మీ వదినకిక అవసరం లేదు. కొత్త గుడ్డ వేశాను. రాసుకునేటప్పుడు మణికట్టు కింద పెట్టుకో. మోచేతి కింద మాత్రం పెట్టకు. మోచెయ్యి ఖాళీగా ఉండాలి.

నాకెవరూ చెప్పలేదు. మీ వదిన్ని ఏమీ అనకు. దిండు జరిపాక ఆ కాలు రోజురోజుకీ చాచుకోవడం చూస్తూ ఉంటే నాకే తెలిసింది. పట్టీ విప్పనివ్వనిది నేనేగా. నువ్వు ఏడ్చేదానివి, నేను వద్దనేవాణ్ణి, అమ్మ నా మాట వినేది. ఇంత చదువుకున్నదానివి, నీకు తెలియకుండా ఉంటుందా? తెలిసీ ఇన్నేళ్లు ఒక్క మాట అనలేదే తల్లీ.

అన్నయ్య


ఇల్లు, సెలవు రోజు

అన్నయ్యా,

దిండు అందింది. కుట్టు చాలా బాగుంది. అంచు దగ్గర ఒకచోట వంకరపోయింది. అక్కడ నీ కళ్లలో నీళ్లు తిరిగి ఉంటాయని నాకు తెలుసు.

నా చెయ్యి ఇక చాచుకోదు, ఎన్ని దిండ్లు పంపినా. ఆ సంగతి నీ దగ్గర దాచడం ఇక అక్కర్లేదు, హమ్మయ్య. కానీ ఈ చెయ్యి నాకెప్పుడూ అడ్డు రాలేదు. దీంతోనే రోజూ ఎందరి మోకాళ్లో ఒత్తి నిటారుగా చేస్తున్నాను. వాళ్లు ఏడుస్తారు, నేను చెయ్యి తీయను. ఎందుకు తీయకూడదో నాకు తెలుసు కాబట్టి. ఏడ్చేవాళ్ల దగ్గర నుంచి లేచిపోకూడదని కూడా తెలుసు. అది నేర్పింది కాలేజీ కాదు. చొక్కా మడతపెట్టి నా చేతి కింద పెట్టి, నేను నిద్రపోయేదాకా కథలు చెప్పిన మనిషి నేర్పాడు.

దిండు మణికట్టు కింద పెట్టుకోమన్నావు. పెట్టుకోలేదు. తల కింద పెట్టుకుని పడుకున్నాను. పొద్దెక్కేదాకా మెలకువ రాలేదు.

నీ బుల్లి